అక్క నుంచి తీసి నాకు పెట్టిన పేరు

మా అక్కకు ఆరేళ్లు నిండేదాకా నా పేరు ఆమెది.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. చివర అయ్య అని ఉంటుంది, వినగానే తలపాగా చుట్టిన మీసాల పెద్దమనిషి ఎవరో గుర్తుకొస్తాడు, అంతవరకు తెలిస్తే చాలు. అది మా తాత పేరు. తాత పోయాక అక్కకు పెట్టారు, నేను పుట్టాక అక్క నుంచి తీసి నాకు పెట్టారు. ఇప్పటికీ అందరూ నన్ను దాంతోనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ అని అబద్ధమాడను కానీ, అప్పుడప్పుడు ఎవరైనా వెనక నుంచి గట్టిగా పిలిస్తే, పలికే ముందు ఒక్క క్షణం ఆగిపోతాను. పరాయి ఇంట్లో అడగకుండా అన్నం తిన్నట్టు ఉంటుంది.

మాది కేసముద్రం దగ్గర ఒక ఊరు. తెలంగాణ కావాలని గొడవలు జరిగిన అరవై తొమ్మిదిలో తాత పోయాడు. బస్సులు లేవు. రైళ్లు ఎక్కడ ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. జనగామలో ఉన్న తాత చెల్లెళ్లకు కబురే ఆలస్యంగా అందింది, అందాక కూడా రావడానికి దారి లేదు. దినాలకు ఊరివాళ్లు తప్ప బయటి చుట్టం ఒక్కరు రాలేదు. తాతను సరిగా సాగనంపలేదన్న దిగులు మా నాయనమ్మకు పట్టుకుంది. "సొంత చెల్లెండ్లు రాకపాయె. మనిషి ఎట్ల పోతడు? తొవ్వలనే నిలవడి ఉంటడు" అని వచ్చినవాళ్లతో పోయినవాళ్లతో అనేదట. నెల తిరగకముందే మా అక్క పుట్టింది.

పుట్టి పాలు పట్టక ఒకటే ఏడుపు. మా వైపు పసిబిడ్డ అట్లా ఏడిస్తే, ఇంట్లో పోయిన పెద్దవాళ్లు ఎవరో మళ్లీ పుట్టారని, వాళ్ల పేరు పెట్టమని అడుగుతున్నారని అంటారు. ఎవరు పుట్టారో తెలుసుకునే పద్ధతి కూడా ఉంది. ఇత్తడి చెంబులో నీళ్లు పోసి, రెండు బియ్యపు గింజలు తేలేలా మెల్లగా వదిలి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతారు. ఏ పేరుకు గింజలు రెండూ కలుసుకుంటే ఆ మనిషి. తాత పేరు దగ్గర కలిశాయి. ఆడపిల్ల కాబట్టి అయ్య తీసేసి అమ్మ అని పెట్టుకుందామని ఎవరో అన్నారు. మామూలుగా అట్లాగే చేస్తారు కూడా. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"ఆయనకు అమ్మ అని తగిలించుడేంది? ఆయన పేరు ఆయనకు పెట్టుండ్రి."

పేరు పెట్టారు, ఏడుపు ఆగింది. అప్పటికి తనకు పాలు పడ్డాయని మా అమ్మ చెబుతుంది. ఆ మాట నాయనమ్మ బతికున్నన్నాళ్లూ పైకి అనలేదు.

మగవాళ్ల పేరు పెట్టుకున్న ఆడపిల్లలు మా ఊళ్లో ఇంకొకరిద్దరు ఉండేవారు. వరుసగా ఆడపిల్లలు పుడితే, తర్వాతిది మగబిడ్డ కావాలని మొక్కి పెట్టిన పేర్లు అవి. వాళ్లను ఊరు ఆట పట్టించేది. మా అక్కను ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే ఆమె పేరు మొక్కుబడి కాదు, ఆమె నిజంగానే తాత. మా నాన్న ఆమెను "బాపు" అని పిలిచేవాడు. మేం కూడా నాన్నను బాపు అనే పిలుస్తాం కాబట్టి, ఆ రోజుల్లో మా ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు బాపూ అంటే బాపూ అని పిలుచుకునేవారు. అన్నం ముందు ఆమెకు పెట్టి తర్వాత బాపుకు పెట్టేవారు. మోకాళ్ల దాకా లాగు, కత్తిరించిన జుట్టు. కూలికి వచ్చినవాళ్లు "పెద్దపటేలు వచ్చిండు, లేవుండ్రి" అని పరాచికాలాడుతూనే నిజంగా లేచేవారు. చెంబు విసిరి సొట్ట పెడితే నాయనమ్మ కొట్టలేదు సరికదా, "బతికున్నప్పుడు గూడ గింతే కోపం ఆయనకు" అని మురిసిపోయింది.

ఒక్క అమ్మే ఆ పేరుతో పిలవలేదు. మామ పేరు కోడలు నోటితో అనకూడదు. కన్నకూతురే అయినా మామ పేరు మామ పేరే. అందుకని "బిడ్డా" అని పిలిచేది. ఇరుగుపొరుగువాళ్లు ఏడిపించడానికి "నీ బిడ్డ పేరేందమ్మా?" అని అడిగితే ముఖం ఎర్రగా చేసుకుని లోపలికి పోయేది.

అన్నింటికన్నా అక్కకు ఇష్టమైంది కేసముద్రం పోవడం. వడ్లు అమ్మడానికి బండి కడితే ఆమె ముందే ఎక్కి కూర్చునేది. మార్కెట్లో బస్తాల మీద నిలబడి హమాలీలు కాంటా వేస్తుంటే పైకి లెక్క చెప్పేది. ఐదేళ్ల పిల్ల లెక్క ఏం సరిగా ఉంటుంది, కానీ వడ్లు కొనే అడ్తి సేటు నవ్వి "ఈ పిలగాడు ఎవరు పటేలా?" అంటే, బాపు "మా బాపు" అనేవాడట. సేటు మిరపకాయ బజ్జీలు తెప్పించేవాడు. ఈ సంగతులన్నీ నాకు అక్క ఎప్పుడూ చెప్పలేదు. బాపు చెప్పాడు, అమ్మ చెప్పింది. నేను అడిగి అడిగి చెప్పించుకున్నాను. నా పేరు నాకు రాకముందు అక్క దగ్గర ఎంత సుఖంగా బతికిందో తెలుసుకోవాలని నాకో పిచ్చి.

తర్వాత నేను పుట్టాను.

నాకు గింజలు వేయలేదు. అవసరం లేదని నాయనమ్మ అంది. "అప్పుడు తొందరల ఏ ఒళ్లు దొరికితే గా ఒళ్లు చొచ్చిండు. గిప్పుడు సక్కగ మొగపిలగాడై వచ్చిండు" అని తేల్చేసింది. ఆడపిల్ల విషయంలో గింజలను అడిగినవాళ్లు, మగపిల్లవాడి విషయంలో ఎవరినీ అడగలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆ ముసలిదాని మీద నాకు ఒళ్లు మండుతుంది. తిట్టుకుందామంటే నన్ను భుజం మీంచి దించకుండా పెంచింది ఆమే.

బాపు కొంచెం అడ్డుపడ్డాడు. "ఇద్దరికీ ఒకటే పేరుంటే ఏమైతదే అవ్వా? దానిది దానికి ఉండనీ" అన్నాడట.

"ఒక్క మనిషి రెండు ఒళ్లల్ల ఎట్ల ఉంటడు కొడుకా? ఒకలకు కీడైతది. పిలగాడు పసికందు, ఎవలకైతదో నువ్వే చూస్కో."

అంతే. నాకు ఏమైనా అవుతుందేమోనన్న భయంతో పేరు నాకు పెట్టారు. అక్కకు ఊళ్లో ఇంటికొకరికి ఉండే ఆడపిల్ల పేరు ఒకటి పెట్టారు. దానికోసం ఎవరూ ఎక్కువ ఆలోచించినట్టు లేదు.

కొత్త పేరుతో పిలిస్తే అక్క పలికేది కాదు. వాకిట్లో ఆడుకుంటూ ఉంటుంది, నాయనమ్మ గొంతు చించుకుంటుంది, తల తిప్పదు. మొండితనం అనుకుని ఒకసారి చెవి మెలిపెట్టారు. అప్పటిదాకా ఆమె ఒంటి మీద చెయ్యి వేసినవాళ్లు లేరు. అయినా పలకలేదు. ఇట్లా రెండు మూడు నెలలు గడిచాక మా ఇంట్లోవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చారు. పిల్లకు చెవుడు వచ్చింది. వెల్లుల్లి కాచిన నూనె చెవుల్లో పోశారు. గుణం కనబడలేదు. చివరికి బాపు రైలెక్కించి మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.

డాక్టరు అక్కను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక్కి పోయి తాళాలగుత్తి బల్ల మీద పడేశాడు. అక్క ఉలిక్కిపడి తిరిగింది. మెల్లగా చిటికె వేశాడు. తిరిగింది. అప్పుడు వెనక నుంచే అడిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

అక్క తాత పేరు చెప్పింది.

"మీ నాయిన పేరు కాదు, నీ పేరు."

"గదే నా పేరు."

బాపుకు తల కొట్టేసినట్టయింది. "లేదు సార్, గది ఇంట్ల చిన్నోని పేరు. దీని పేరు వేరే ఉన్నది" అన్నాడు. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చెవులు మంచిగున్నయి, తీస్కపో" అన్నాడు.

ఈ కథను బాపు చుట్టాలందరికీ చెప్పేవాడు. బాగా చెప్పేవాడు. తాళాలగుత్తి పడేయడం, అక్క ఉలిక్కిపడటం, డాక్టరు ముఖం, అన్నీ చేసి చూపించేవాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. అక్క కూడా చేతిలో పని ఆపకుండానే కాస్త నవ్వేది. "చెవులు మంచిగున్నయి" అనేది మా ఇంట్లో సామెతలా స్థిరపడింది. ఎవరైనా పిలిస్తే పలకకపోతే అదే మాట.

బాపు కథ దవాఖాన దగ్గర ఆగిపోయేది. మిగతాది అమ్మ చెప్పింది, అదీ నేను బాగా పెద్దయ్యాక. తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నారు. బాపు ఆమెకు జామపండు కొనిచ్చి, "ఇగ గా పేరుకు పలుకకు బిడ్డా. తమ్మునికి మంచిది కాదట" అన్నాడు. బాపు ఆమెను బిడ్డా అనడం అదే మొదలు. మర్నాటి నుంచి కొత్త పేరుకు పలకడం మొదలుపెట్టింది. ఆ రాత్రి నుంచి అమ్మ పక్కలోనే పడుకునేదట. ఇంట్లో పాత పిలుపు మారని మనిషి అమ్మ ఒక్కతే.

పేరు వెంట ఏమేం పోతాయో అప్పుడు ఎవరూ చెప్పలేదు. అవి ఒక్కరోజులో పోలేదు, ఒకదాని వెనక ఒకటి పోయాయి. లాగు పోయి పరికిణీ వచ్చింది. బాపు పక్కన కంచం నాకు వచ్చింది, ఆమె వడ్డించడం నేర్చుకుంది. నన్ను ఎత్తుకోవడం, తినిపించడం, బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం ఆమె పనులయ్యాయి. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు బాపు నన్ను కేసముద్రం తీసుకుపోయాడు. అక్క సద్ది కట్టిచ్చింది. కాంటా దగ్గరే నిలబడాలని, కింద రాలిన వడ్లు ఊడ్చి మన బస్తాలోనే పోయించాలని నాకు పక్కకు పిలిచి చెప్పింది. నేను మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి, కళ్లు మంటలెత్తి, లారీల హారన్లకు భయపడి బండి కింద దూరి పడుకున్నాను. సేటు "మీ బాపు గిట్లయిండేంది పటేలా, ఎన్కట హుషారుగ ఉండేటోడు" అన్నాడు. ఏళ్ల లెక్క ఆయనకు పట్టలేదు, ఇద్దరు పిల్లలమని అనుకోలేదు. నేనేమో ఆ మాటకు అర్థం తెలియక, ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. "అన్నడా?" అంది. ఇంకొకసారి చెప్పమంది. చెప్పాను.

ఏడో తరగతితో ఆమె చదువు ఆగింది. పై తరగతులకు కేసముద్రం పోవాలి. "ఆడపిల్ల, రోజూ ఎట్ల పోయి వస్తది" అన్నారు. ఐదేళ్లప్పుడు బస్తాల మీద ఎక్కి నిలబడ్డ కేసముద్రమే అది. నన్ను మాత్రం ఆరో తరగతికి జనగామ పంపించారు, తాత చెల్లెలి ఇంట్లో ఉండి చదువుకోవడానికి. "మా బాపు పేరు పెట్టుకున్నోడు, చదువుకోవాలె" అని బాపు నలుగురిలో అనేవాడు. జనగామలో ఆ ముసలామె నన్ను తన అన్న పేరుతో పిలిచి, పెరుగులో మీగడ నాకే వేసేది. మీగడ తింటూ అక్క గుర్తొచ్చేది. అయినా తినేవాడిని.

నేనేం తప్పు చేయలేదు. ఇది నాకు తెలుసు. పుట్టి పదిరోజులు కానివాడు ఎవరి పేరు గుంజుకుంటాడు? నా భార్య ఎన్నోసార్లు ఈ మాటే అంది. తప్పు చేసినవాడికైతే క్షమాపణ అడిగే దారి ఉంటుంది. నాకు అదీ లేదు. ఆమె దాంట్లోంచి నా దాంట్లోకి అన్నీ వచ్చి పడ్డాయి, నేను కూర్చుని తిన్నాను, అంతే.

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు అక్కను అడిగాను. "నీ పేరు నువ్వే తీస్కోరాదూ" అన్నాను.

చేట పక్కన పెట్టి నవ్వింది. "గదేమన్న అంగీయా తమ్మీ, విప్పి ఇస్తవా? మంచిగ చదువుకో పో."

పదిహేడేళ్లకు ఆమెను మొగుళ్లపల్లి ఇచ్చారు. మంచి మనుషులు. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. పురుడు రోజున మొగుళ్లపల్లి నుంచి అత్తగారు, బావ, నలుగురు చుట్టాలు వచ్చారు. నేను జనగామ నుంచి ముందురోజే వచ్చాను. అప్పుడు నాకు పదమూడు.

పేరు మాట వచ్చింది. అత్తగారు తన అత్త పేరు అనుకుంటున్నామని చెప్పింది, పట్టుబట్టి ఏమీ కాదు. నాయనమ్మకు అప్పటికి చూపు మందగించింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని చేత్తో నుదురు తడిమి, "గీ నొసలు ఆయనదే" అంది. అని నా వైపు తిరిగింది. ఆయన నా దగ్గర ఉన్నాడు కదా మరి.

నాకు ఒక్కసారిగా దారి దొరికినట్టయింది. పేరు పిల్లకు పోతే అక్కకు పోయినట్టే, నా మీది బరువు దిగిపోతుంది. లేచి నిలబడి గబగబా అన్నాను. "నా పేరు పెట్టుండ్రి. నాకు వేరేది ఏదన్న పెట్టుండ్రి."

అందరూ నవ్వారు. అత్తగారు "మేనమామ దిల్‌దార్ మనిషే" అంది. నాయనమ్మ కాసేపు ఆలోచించి, పిల్ల ఇంటిపేరు వేరు కాబట్టి ఇద్దరికీ ఉన్నా కీడు లేదని తేల్చింది. పదమూడేళ్ల కింద అదే నోటితో అన్న మాట ఆమెకు గుర్తున్నదో లేదో. బాపు ముఖం వెలిగిపోయింది. నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

"వద్దు" అంది అక్క.

మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. గొంతు పెద్దది చేయలేదు.

"ఎందుకు వద్దే?" అన్నాడు బాపు. "నీ పేరే గదా!"

ఆ పేరు ఆమెదని బాపు నోటి నుంచి అన్నేళ్ల తర్వాత వచ్చింది. అక్క ఆయన వైపు చూసింది.

"నాదైతే నా దగ్గర్నే ఉంటుండె గదా బాపూ. రేపు దీనెనుక పిలగాడు పుడుతడు. ఎవలో ఒకలు వచ్చి గా పేరు వానికి గావాలె అంటరు. ఇయ్యకుంటే తమ్మునికి కీడంటరు. ఇస్తది గిది. నేనియ్యలేదా? గా టేసన్ల నువ్వు తమ్మునికి మంచిది కాదంటే, ఇస్త అనలేదా?"

బాపు కండువాతో ముఖం తుడుచుకుని అట్లాగే కండువా పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ తర్వాత దవాఖాన కథ ఆయన మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

నేను నిలబడే ఉన్నాను. అంతకాలం దాన్ని ఆమె నుంచి తీసుకున్నారనే అనుకున్నాను. తీసుకున్నదైతే తిరిగి ఇవ్వొచ్చు. ఆమె ఇచ్చింది. ఆరేళ్ల పిల్ల, జామపండు చేతిలో పట్టుకుని, నేను బతకాలని ఇస్త అంది. ఆ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. నా దాతృత్వం అంత మంది ముందు ఎంత చవకగా ఉందో నాకే కనబడి, మెల్లగా చాప మీద కూర్చున్నాను.

అత్తగారే ముందు తేరుకుంది. "మరి ఏం పెడుదామంటవు బిడ్డా?"

అక్క ఒక పేరు చెప్పింది. అప్పుడప్పుడే బడుల్లో వినబడుతున్న కొత్తరకం పేరు, రెండక్షరాలు, పట్నం మగపిల్లలకు పెట్టేది.

"గది మొగపోరల పేరు గదనే! ఎవలిది గది? మీ దిక్కు ఎవలకన్న ఉన్నదా?"

"ఎవలకు లేదత్తమ్మా. మీ ఇంట్ల లేదు, మా ఇంట్ల లేదు. సచ్చినోళ్లది కాదు, పుట్టెటోళ్లది కాదు" అని అక్క నాయనమ్మ ఒళ్లోంచి పిల్లను తీసుకుంది. "గిది దీనిదే."